చంకకర్రకు రవాణా పర్మిట్

మా హైస్కూలు పిల్లలకు అడవి చూపించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. "ప్రతి విద్యార్థీ సంవత్సరమునకు ఒక్క పర్యాయమైనను అడవిని ప్రత్యక్షముగా అనుభవించవలెను. అనుభవించినట్లు ఫోటో జతపరచవలెను" అని అందులో రాసి ఉంది. ఫోటోలో పిల్లలు ఆనందంగా కనిపించాలని కూడా ఉంది. ఎంతసేపు అనుభవించాలో మాత్రం లేదు. ఫోటో తీసినంతసేపు చాలని మా హెడ్మిస్ట్రెస్ అనసూయాదేవి గారు భాష్యం చెప్పారు.

నేను సోషల్ మాస్టారిని. సోషల్ అంటే పిల్లలెవరూ భయపడరు కనక సోషల్ మాస్టారికి పనేమీ ఉండదని మా స్టాఫ్‌రూములో ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఓటర్ల జాబితాలు, జనాభా లెక్కలు, నులిపురుగుల మాత్రలు అన్నీ నాకే వస్తాయి. అడవి కూడా నాకే వచ్చింది.

మాది కాలవ కింద ఊరు. కనుచూపు మేరంతా వరి. తొమ్మిదో తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉంటే అందులో ముప్పై ఏడుగురు అడవి మొహం చూడలేదు. మిగిలిన ఒక్క పిల్ల అడవిలోనే పుట్టింది. పేరు కెచ్చెల మంగవేణి. కొండ మీద పద్దెనిమిది గడపల గూడెం ఆమెది. మా ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. వాళ్లయ్య చెక్కిచ్చిన చంకకర్ర సాయంతో నడుస్తుంది.

"ఈ పిల్లకి అడవి చూపించడానికి అరవై కిలోమీటర్లు తీసుకెళ్లాలా అండీ?" అని హెడ్మిస్ట్రెస్ గారిని అడిగాను.

"అడవిలో పుట్టినవాళ్లకి ఉత్తర్వులో మినహాయింపు ఉందా?"

"లేదండి."

"అయితే చూపించండి."

మంగవేణికి ఈ సంగతి తెలిసిన సాయంత్రమే నా దగ్గరికొచ్చింది. మేం వెళ్లబోయే మ్యూజియం వెనక గేటు దాటితే అడవిలోకి ఒక కాలిబాట ఉందట. అది వాళ్ల గూడేనికి పోయే బాటేనట.

"వాగు దాకా నేను ముందు నడుస్తానండి. దారిలో ఏ చెట్టు ఏదో అందరికీ నేనే సెప్తానండి" అంది.

బళ్లో ఆ పిల్ల ఎప్పుడూ ఆఖరే. ప్రార్థన లైనులో ఆఖరు, మధ్యాహ్న భోజనం లైనులో ఆఖరు, ఆటలప్పుడు అసలు లైనే లేదు. సరే, నువ్వే ముందు అన్నాను. మాస్టారు మాటిచ్చారని రెండు వారాల పాటు క్లాసులో అందరికీ చెప్పుకుంది. తునికిపళ్లు ఎక్కడుంటాయి, వాగులో ఏ రాయి మీద కాలు వేస్తే జారదు అని మిగతా పిల్లలు వచ్చి ఆమెను అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్లుంటే మనిషికి వెన్ను ఎలా నిటారుగా అవుతుందో ఆ రెండు వారాలూ చూశాను.

మ్యూజియం గురించి చెప్పాలి. అది ఒకప్పటి కలప డిపో. అడవిలో కొట్టిన టేకు దుంగలన్నీ అక్కడికి వచ్చేవి. ఒక్కో దుంగ పొడవూ చుట్టుకొలతా కొలిచి, రిజిస్టరులో రాసి, సుత్తితో ప్రభుత్వ ముద్ర కొట్టేవారు. ముద్ర పడ్డాక రవాణా పర్మిట్ రాస్తే దుంగ బయటికి కదిలేది. కొన్నాళ్లకు ఆ అడవిలో కొట్టడానికి ఏమీ మిగలక, కొట్టడం ఆపేశారు. ఆపాక, ఎలా కొట్టేవారో భావితరాలకు తెలియాలని డిపోను మ్యూజియం చేశారు. డిపో బోర్డు తీయలేదు. దాని కిందే మ్యూజియం బోర్డు పెట్టారు.

ఉదయం పదిన్నరకు మా బస్సు అక్కడ ఆగింది. డిపో అధికారి దక్షిణామూర్తి గారు మమ్మల్ని గుమ్మంలోనే ఎదుర్కొన్నారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, జేబులో టేపుతో ఉన్నారు. మ్యూజియానికి సంరక్షకులు కూడా ఆయనేనట. వెనక వాచరు సింహాచలం నిలబడి ఉన్నాడు.

లోపల నిలువెత్తు టేకు చెట్టు, దాన్ని నరుకుతున్న ఇద్దరు మనుషులు, దుంగల గుట్ట, దుంగ లాగుతున్న ఏనుగు, అన్నీ ఉన్నాయి. అన్నీ సిమెంటువి. రంగు వేశారు.

"అసలు కలప ఒక్కటీ లేదేంటండీ?" అని అడిగాను.

"ప్రతిపాదన పంపబడింది" అన్నారు దక్షిణామూర్తి గారు. "ఈ డిపోకు కలప రావాలంటే వేరే డిపో నుంచి పర్మిట్ కావలెను. వేరే డిపోలో కలప లేదు. ఉన్నదని వారు ధ్రువీకరిస్తే తప్ప లేదని మేము రాయజాలము. ఫైలు పరిశీలనలో ఉంది."

"ఎంత కాలం నించండీ?"

"ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఈ డిపోలో ఒక్క పుల్ల కూడా నేను కొలవలేదు మాస్టారూ."

ఆ మాట అంటూ జేబులో టేపు తడుముకున్నారు. నెలనెలా ఆయన పైకి పంపే నివేదికలో అన్ని గడుల్లోనూ సున్నాలేనట. మూడు నెలల్లో పని కనిపించకపోతే పోస్టు రద్దు చేస్తామని మొన్ననే కాగితం వచ్చిందని సింహాచలం నా చెవిలో వేశాడు. "ఆయ్, మా అయ్యగారు రూపాయి ముట్టుకోరండి. పని కూడా ముట్టుకోడానికి ఏం లేదండి పాపం" అన్నాడు.

సిమెంటు చెట్టు ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీశాను. అందరూ ఆనందంగానే పడ్డారు. ఉత్తర్వు ప్రకారం అడవిని అనుభవించడం పదకొండు గంటల లోపే పూర్తయింది. ఇక మిగిలింది మంగవేణికి ఇచ్చిన మాట. పులిహోర పొట్లాలు తిన్నాక, అందర్నీ వెనక గేటు దగ్గర వరసలో నిలబెట్టాను. అందరికన్నా ముందు మంగవేణి నిలబడింది. చంకకర్ర పై కమ్మీకి వాళ్లమ్మ పాత చీర పేలిక కొత్తగా చుట్టి ఉంది.

దక్షిణామూర్తి గారు తాళంచెవి గేటులో పెట్టి, ఆగిపోయారు. వరసలో మూడోవాడు నూకరాజు. వాడి చెవి మీద పెన్సిల్ ఉంది.

"అది ఏమిటి?"

"పెన్సిలండి. చెట్ల పేర్లు రాసుకోడానికండి."

"దేనితో చేయబడింది?"

నూకరాజు నా వైపు చూశాడు. బళ్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు వాణ్ణి. "సెక్కతోనండి" అన్నాడు.

దక్షిణామూర్తి గారి మొహం మీద అప్పుడు వచ్చిన వెలుగు నేను మర్చిపోలేను. ఆరేళ్ల తరవాత బిడ్డ ఉత్తరం వచ్చిన తండ్రి మొహంలా ఉంది. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.

"నిబంధన పద్నాలుగు" అన్నారు మెల్లగా. "డిపో ఆవరణలో కనబడిన కలప యావత్తు, అది ఏ రూపమున ఉన్నప్పటికిని, కొలిచి నమోదు చేసి ముద్ర వేయనిదే ఏ గేటు గుండానూ బయటికి పోరాదు."

"పెన్సిల్ కలపేంటండీ బాబూ?" అన్నాను నవ్వుతూ.

"రూపము అన్నారు మాస్టారూ. పరిమాణము అనలేదు."

నవ్వింది నేనొక్కణ్ణే. సింహాచలం అప్పటికే బల్ల తేవడానికి పరిగెత్తాడు. బల్ల ప్లాస్టిక్‌ది.

ముప్పై ఎనిమిది మంది దగ్గర ముప్పై ఒక్క పెన్సిళ్లు దొరికాయి. దక్షిణామూర్తి గారు ఒక్కో పెన్సిలూ పొడవు కొలిచి, దారం చుట్టి చుట్టుకొలత తీసి, ఘనమీటర్లలో లెక్క కట్టి సింహాచలానికి చెప్పారు. దశాంశం తరవాత ఇన్ని సున్నాలు రాయడానికి రిజిస్టరులో గడి చాలడం లేదని సింహాచలం మొర పెట్టుకున్నాడు. "పక్క గడిలోకి పొడిగించుము" అన్నారాయన. పెన్సిలుకు ముద్ర కొట్టే చోటు లేదు కనక ముప్పై ఒకటీ కట్టగట్టి, కట్టకు చీటీ వేశారు. కట్టకు సొంతదారు ఎవరని అడిగారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. అలా కుదరదని, బాధ్యుడైన పెద్దమనిషి సంతకం కావాలని అన్నారు. నేను పెట్టాను.

తరవాత బ్యాటు బయటపడింది. వాగు ఒడ్డున ఆడుకుందామని ఎవరో తెచ్చారు. దక్షిణామూర్తి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఇది మన దేశపు చెట్టు కాదన్నారు. విదేశీ కలప ఆయన పరిధిలోకి రాదట. పరిధిలోకి రాని వస్తువును ఆయన పట్టుకోలేరు, వదలనూ లేరు. బ్యాటును గోడకు చేర్చి, ఎవరూ దాని వైపు చూడకూడదని ఆదేశించారు.

ఈ గోలంతా ఏమిటో చూద్దామని మా బస్సు డ్రైవర్ ఇజ్రాయేలు వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక బీడీ ముట్టించబోయాడు. అగ్గిపెట్టె పుల్లలతో సహా బల్ల మీదికి చేరింది. నలభై ఒక్క పుల్లలు. లెక్క రాస్తుండగా ఇజ్రాయేలు విసుగొచ్చి అందులోంచి ఒక పుల్ల లాగి, గీసి బీడీ ముట్టించుకున్నాడు.

దక్షిణామూర్తి గారు కలం కింద పెట్టారు. "ప్రభుత్వ స్వాధీనంలో ఉన్న కలపను ప్రభుత్వ అధికారి ఎదుట దహనం చేశారు" అన్నారు.

"బీడీ కాల్సుకున్నానండి."

"అది ఉద్దేశము. నేను చర్యను గురించి మాట్లాడుతున్నాను."

ఇజ్రాయేలు పేరు ఒక కాగితం మీదికెక్కింది. కోపంతో "మరి నా బస్సు కింద పలకలు కూడా సెక్కే, అయ్యీ కొలుసుకోండి" అన్నాడు. అనకుండా ఉండాల్సింది. సింహాచలం టేపు పట్టుకుని బస్సు కిందికి దూరాడు.

నాకు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఒంటిగంట దాటింది. ఆరింటికల్లా హాస్టల్ పిల్లల్ని వార్డెన్‌కు అప్పజెప్పాలి. "మా వస్తువులన్నీ ఇక్కడే పెట్టి వెళ్తామండి, పిల్లల్ని వాగు దాకా పోనివ్వండి" అని బతిమాలాను. దక్షిణామూర్తి గారు ఆలోచించి, దానికి అభ్యంతరం లేదన్నారు. కలప అంతా బల్ల మీద ఉంటే మనుషులు పోవచ్చన్నారు. తాళంచెవి మళ్లీ బయటికి తీశారు.

మంగవేణి ఒక అడుగు వేసింది. కర్ర నేలమీద టక్కుమంది.

ఆయన ఆ చప్పుడు విన్నారు.

దక్షిణామూర్తి గారు చెడ్డ మనిషి కాదు. ఆ పిల్ల వైపు చూసినప్పుడు ఆయన కళ్లల్లో జాలి కనిపించింది. ఆ జాలితో, తను మేలే చేస్తున్నానని నమ్మారు. ఆ నమ్మకం లేకపోతే, తప్పైందని కాసేపటికి ఎవరైనా ఆయనకు చెప్పగలిగేవారు. చంకకర్రను రెండు చేతులతో, దేవుడి పటంలా అందుకున్నారు. మంగవేణి నా భుజం పట్టుకుని నిలబడింది.

"టేకు" అన్నారు. ఆ మాట ఆయన నోట ఆరేళ్ల తరవాత వచ్చింది. "శ్రేష్ఠమైన టేకు. ఎక్కడిదమ్మా ఇది?"

"మా ఇంటి దూలమండి. మొన్న వానలకి ఇరిగిపోతే మా అయ్య సెక్కాడండి. ఏడాదికోటి సేత్తాడండి నేను పెరుగుతాను కదండి. గోడకి నిలబెట్టి కొలుత్తాడండి."

"దూలమునకు పర్మిట్ ఉందా?"

"మా తాత కట్టిన ఇల్లండి."

"అనగా లేదు." నిట్టూర్చారు. "భయపడకమ్మా. కేసు పెట్టను. ముద్ర వేసి నీకే ఇస్తాను. ముద్ర పడితే జీవితాంతం ఎవరూ నిన్ను ఏమీ అడగరు."

పంచనామా రాశారు. సాక్షి సంతకం కావాలన్నారు. త్వరగా తేలిపోతుందని పెట్టేశాను. బీరువాలోంచి సుత్తి తెచ్చారు. నల్లటి ఇనుప తల, మీద డిపో అక్షరాలు, చేతి చెమటకు నున్నబడ్డ చెక్క పిడి. సిమెంటు దుంగ మీద కర్రను పడుకోబెట్టి, కింది కొస దగ్గర, మందంగా ఉన్నచోట ఒక్క దెబ్బ వేశారు. ముద్ర అచ్చు గుద్దినట్టు పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దక్షిణామూర్తి గారు కళ్లు తుడుచుకున్నారు.

కర్ర తిరిగి ఇచ్చేసేవారే. మంగవేణి చెయ్యి కూడా చాపింది. చాపి, ఆయన చేతిలో ఉన్న సుత్తిని చూసి, మామూలుగా అడిగింది.

"మరి ఆ సుత్తి పిడికి ముద్దరేదండి?"

ఆ పిల్ల తెలివైనదని ముందే చెప్పి ఉండాల్సింది. గేలి చేయడానికి అడగలేదు. పాఠంలో అనుమానం వస్తే అడగమని నేనే రోజూ చెబుతాను.

దక్షిణామూర్తి గారు సుత్తిని తిప్పి చూశారు. పిడి చెక్కదే. ముద్ర లేదు. ఎలా ఉంటుంది? ఏ సుత్తీ తన పిడిని తాను కొట్టుకోలేదు. డిపో పుట్టినప్పటి నుంచి వేలవేల దుంగలకు ముద్ర కొట్టిన ఆ సుత్తి, నిబంధన పద్నాలుగు ప్రకారం దొంగ కలప పట్టుకుని తిరుగుతోంది.

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. లంచం తీసుకునేవాడైతే అసలు ఇంతదాకా వచ్చేదే కాదు. దక్షిణామూర్తి గారు నిజాయితీపరులు. సుత్తిని బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, స్వాధీనపరచుకుంటున్నట్టు ప్రకటించారు. నిందితుల గడిలో తన పేరే రాసుకున్నారు. సాక్షిగా తనే ఉండడం కుదరదు కనక మళ్లీ నన్నే పిలిచారు. నాకు అప్పటికి చెయ్యి అలవాటు పడిపోయింది.

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నాను.

"సుత్తి స్వాధీనంలో ఉండగా ముద్ర పడదు. ముద్ర పడనిదే డిపో లెక్క ముగియదు. లెక్క ముగియనిదే ఏ గేటూ తెరవబడదు."

"ముందు గేటు కూడానా?"

"ముందు గేటు కూడా. మీరందరూ సాక్షులు."

రెండు గేట్లకూ తాళాలు పడ్డాయి. రెండున్నరైంది. పిల్లల్లో ఒకరిద్దరు ఏడుపు మొదలుపెట్టారు. ఇజ్రాయేలు బస్సు హారన్ కొడుతూ కూర్చున్నాడు. బ్యాటు వైపు చూడకూడదన్నారు కనక పిల్లలందరూ బ్యాటు వైపే చూస్తున్నారు. మంగవేణి సిమెంటు దుంగ మీద కూర్చుని, గేటు అవతల కనిపిస్తున్న బాటను చూస్తోంది. కర్ర మాత్రం బల్ల మీదికి చేరింది.

దక్షిణామూర్తి గారు నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. మూడున్నరకు తలెత్తారు.

"ఒక దారి ఉంది. పిడి మార్చవచ్చును. పాత పిడిని స్వాధీనంలోనే ఉంచి, సుత్తి తలకు కొత్త పిడి వేయవచ్చును. పొడవు పద్నాలుగు అంగుళాలు. అయితే ఆ కలప ముందే ముద్రపడినదై ఉండవలెను." కళ్లజోడు సర్దుకుని, అందర్నీ కలిపి అడిగారు: "ఈ ఆవరణలో ముద్రపడిన కలప ఎక్కడ ఉంది?"

ఇరవై రెండేళ్లుగా బడిలో ఉన్నాను. ప్రశ్న వినబడితే జవాబు నోటికి వచ్చేస్తుంది. పిల్లలు చెప్పేలోపు నేనే చెప్పేస్తానని నా మీద ఎప్పట్నుంచో ఫిర్యాదు కూడా ఉంది.

"ఆ చంకకర్రేనండి" అన్నాను.

అన్నది నేనే. అప్పుడు నా మొహంలో, జవాబు కరెక్టు చెప్పిన పిల్లాడి సంతోషం ఉందని కూడా నాకు తెలుసు. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"సార్" అంది మంగవేణి. ఆమె దక్షిణామూర్తి గారితో అనలేదు, నాతో అంది. "పద్నాలుగంగుళాలు తీసేత్తే నాకు అందదండి."

"అమ్మా, కర్ర ఎక్కడికీ పోవడం లేదు" అన్నారు దక్షిణామూర్తి గారు మెత్తగా. "పొడవు మాత్రమే తగ్గుతోంది."

"వేరే మార్గం చూడండి సార్, నేనేదో అలా అనేశాను" అన్నాను నేను.

"మార్గం మీరే చెప్పారు మాస్టారూ. మీ పేరు రిజిస్టరులో రాశాను. సూచన మీది, అమలు మాది."

సింహాచలానికి మనసొప్పలేదు. "అయ్యా, ఆడపిల్లండి, దాని ఊతమండి" అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆయన తలూపారు, రంపం మాత్రం పక్కన పెట్టమనలేదు. ఆ మ్యూజియంలో అన్నీ సిమెంటువైనా రంపం ఒక్కటి నిజమైనది, పిడితో సహా ఇనుపది. కింది కొస తెగింది. అందులోనే ముద్ర ఉంది. సింహాచలం దాన్ని కత్తితో చెక్కి సుత్తి తలలో బిగించాడు.

"అయితే ఆ ముద్ర కొట్టింది పాత పిడితోనే కదండీ, అది చెల్లుతుందా?" అని అడిగాను. ఇంకా ఏదో ఆశ.

దక్షిణామూర్తి గారు చిరునవ్వు నవ్వారు. ఈ ప్రశ్న ఆయన ఎదురుచూస్తున్నదే. "ముద్ర వేసింది తల. తల చట్టబద్ధమే. పిడి పట్టుకోవడానికి మాత్రమే."

ఆ తరవాత అన్నీ చకచకా జరిగాయి. చట్టబద్ధమైన సుత్తితో మిగిలిన కర్ర మీద మళ్లీ ముద్ర కొట్టారు, పాత ముద్ర పిడితో పోయింది కనక. బస్సు పలకలకు కొట్టారు. అగ్గిపుల్లలు నలభైకి చీటీ వేసి, ఒకటి దగ్ధమని రాశారు. నెల నివేదికలో అన్ని గడుల్లోనూ సున్నాలే ఉండే కాలం పోయింది. దక్షిణామూర్తి గారు రిజిస్టరు మూసి, దాని మీద ఒకసారి చెయ్యి వేసి, రెండు గేట్లూ తెరవమన్నారు. నాలుగున్నరైంది. మరో అరగంట పిల్లలు అడవిలో తిరగవచ్చన్నారు.

మంగవేణికి కర్ర ఇచ్చారు. దానితో పాటు రవాణా పర్మిట్ కూడా. చదివాను: "టేకు కర్ర ఒకటి. బయలుదేరు స్థలము డిపో. చేరు స్థలము హైస్కూలు. మార్గము తారురోడ్డు. గడువు సాయంత్రం ఆరు." పుచ్చుకున్నట్టు నేను సంతకం పెట్టాను. మంచి స్థితిలో పుచ్చుకున్నట్టు అని అక్కడ ముందే అచ్చయి ఉంది.

ఆ పిల్ల కర్రను చంకలో పెట్టుకుంది. పెట్టుకుంటే భుజం బాగా కిందికి ఒంగిపోయి, నడుం పక్కకు వాలింది. పద్నాలుగు అంగుళాలు తక్కువంటే, అది అయిదో తరగతిలో వాళ్లయ్య చేసిన కర్రంత పొడవు. అలాగే ఒంగి వెనక గేటు దాకా వచ్చింది. మిగతా పిల్లలు వెనక నిలబడ్డారు. ఎవరూ ముందుకు తోసుకురాలేదు.

దక్షిణామూర్తి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మనుషులకు అభ్యంతరం లేదు. కర్రకు ఉంది. పర్మిట్‌లో తారురోడ్డు మాత్రమే రాయబడింది."

"అయితే అడవిలోకి ఇంకో పర్మిట్ రాయండి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అడవిలోంచి కలప బయటికి పోతుంది మాస్టారూ. బయటినుంచి కలప అడవిలోకి పోయిన దాఖలా ఈ డిపో చరిత్రలో లేదు. అందుకు ఫారం లేదు."

మంగవేణి మా ఇద్దరి మొహాలూ చూసింది. కోపం లేదు. రెండు వారాలుగా చూస్తున్న ఆ నిటారు వెన్ను కోసం చూశాను నేను. కర్ర చంకలోంచి తీసి, నా చేతిలో పెట్టింది.

"మీరు పట్టుకోండి సార్. కింద పెడితే మళ్లీ డిపో సరుకంటారు."

గేటు ఇనుప కమ్మీ పట్టుకుని, ఒక్క కాలి మీద గెంతి, అవతలికి వెళ్లింది. మొదటి చెట్టు నాలుగు అడుగుల దూరంలో ఉంది. దాన్ని పట్టుకుంది. అక్కణ్ణించి రెండో చెట్టు. చెట్టు నించి చెట్టుకు చెయ్యి మార్చుకుంటూ, చదును నేల మీద నేనెప్పుడూ చూడనంత వేగంగా పోయింది. ఆ చెట్లలో ఒక్కదానికీ ముద్ర లేదు.

దక్షిణామూర్తి గారు నిబంధనల పుస్తకం తెరిచి, మూశారు. నిలబడి ఉన్న చెట్టు డిపో పరిధిలోకి రాదు.

"ఇది బూరుగు. ముళ్లుంటాయి, సూసి పట్టుకోండి!" అని కేక వినిపించింది. ముప్పై ఏడుగురూ ఆమె వెనకే ఒక్కొక్కరుగా లోపలికి పోయారు. సింహాచలం తోడు వెళ్లాడు. నేను వెళ్లలేకపోయాను. నా చేతిలో కర్ర ఉంది. నేను వెళ్తే కర్ర కూడా వస్తుంది. కింద పెడితే డిపోది. అలా గేటుకు ఇవతల, పిల్లల గొంతులు దూరమయ్యే దాకా నిలబడ్డాను. కోసిన చోట చెక్క కొత్తగా, ఎర్రగా ఉంది.

దక్షిణామూర్తి గారు ఒక పుస్తకం తెచ్చారు. సందర్శకుల అభిప్రాయాలట. రెండు ముక్కలు రాస్తే తన పోస్టుకు మేలు జరుగుతుందని మొహమాటంగా అడిగారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. కానీ అంతకన్నా ముందు నా మీదే వచ్చింది. కర్ర చంకలో ఇరికించుకుని రాశాను: "కర్ర ఆ పిల్లది. సంతకాలన్నీ నావి. కోయమని చెప్పింది కూడా నేనే."

ఆయన చదివి, తల అడ్డంగా ఊపారు.

"ఇది అభిప్రాయం కాదు మాస్టారూ. ఇది వాంగ్మూలం అవుతుంది. దానికి వేరే ఫారం ఉంది."

"అది ఇవ్వండి" అన్నాను.